మేకల పుస్తకం

డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా కాలేజీ లైబ్రరీలో జియాలజీ బీరువా అడుగు అరలో దొరికింది నాకా పుస్తకం. జియాలజీకీ నాకూ ఏ సంబంధమూ లేదు, బయట వాన పడుతోంది కాబట్టి అక్కడ నిలబడ్డానంతే. జార్జ్ షాలర్ రాసిన 'స్టోన్స్ ఆఫ్ సైలెన్స్'. పేరులో రాళ్లున్నాయి కదా అని ఎవరో పుణ్యాత్ముడు దాన్ని రాళ్ల పుస్తకాల మధ్య సర్దేశాడు. పైకాగితం ఎప్పుడో చిరిగిపోయినట్టుంది, ముదురాకుపచ్చ కాలికో బైండు చేయించారు, వీపు మీద తెల్ల సిరాతో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. లోపల అతికించిన చీటీ మీద రెండే రెండు తేదీ ముద్రలు. అంటే అప్పటిదాకా దాన్ని ఇంటికి తీసుకెళ్లినవాళ్లు ఇద్దరే, లేదా ఒకడే రెండుసార్లు.

ఊరికే పేజీలు తిప్పుతుంటే 'స్నో లెపర్డ్' అన్న మాట కనబడింది. అంతే, తీసుకున్నా. ఆ వయసులో పులి అన్నా చిరుత అన్నా ఉండే పిచ్చి మీకు తెలిసిందే.

షాలర్ ఎవరో అప్పుడు నాకు తెలీదు. తర్వాత తెలుసుకున్నవి క్లుప్తంగా చెప్పేస్తాను. 1933లో బెర్లిన్‌లో పుట్టి అమెరికాలో చదువుకున్నాడు. 1959లో ఆఫ్రికాలోని విరుంగా కొండలకెళ్లి, మనుషుల్ని చీల్చేస్తాయని అందరూ భయపడే గొరిల్లాల పక్కన తుపాకీ లేకుండా కూర్చుని నోట్సు రాసుకున్నాడు. అరవైల్లో మన కన్హాలో పులులూ జింకల మీద పనిచేశాడు, ఆ తర్వాత సెరెంగెటీలో సింహాల మీద. అలాంటి మనిషి 1969 నుంచి కొన్నేళ్లపాటు హిమాలయాలు, కారకోరం, హిందూకుష్ పట్టుకుని తిరిగాడు. దేనికోసమయ్యా అంటే అడవి మేకల కోసం, అడవి గొర్రెల కోసం! ఆ తిరుగుళ్ల పుస్తకమే ఇది, 1980లో వచ్చింది. శాస్త్రజ్ఞుల కోసం లెక్కలూ పట్టికలతో 'మౌంటెన్ మోనార్క్స్' అని ఇంకోటి 1977లోనే వేశాడు. మామూలు జనం కోసం రాసింది మాత్రం ఇదే.

మంచు చిరుత మొదట్లోనే వచ్చేస్తుంది. పాకిస్తాన్‌కి ఉత్తరాన చిత్రాల్‌లో, 1970 డిసెంబర్ చలిలో. మబ్బు కిందికి దిగిపోయి, ఇంకాసేపట్లో మంచు కురుస్తుందనగా, కొండ కొమ్ము మీద పడుకుని తననే చూస్తున్న ఆడ చిరుతని చూస్తాడు. ఎరగా కట్టిన మేకని అప్పటికే చంపి ఉంటుంది. ఈయన నేరుగా దాని వైపు నడవడు. ఓ నాలుగడుగులు వేసి ఆగిపోతాడు, కాసేపు కూర్చుంటాడు, మళ్లీ కొంచెం జరుగుతాడు, అలా అలా దగ్గరికెళ్తాడు. దానికో పిల్ల కూడా ఉంది. ఒక రాత్రయితే స్లీపింగ్ బ్యాగు పరుచుకుని దానికి కనబడేలాగే ఆరుబయట పడుకుంటాడు. పైన మంచు పడుతూనే ఉంటుంది, చీకట్లో ఎక్కడో దగ్గరలో అది ఎముకలు కొరుకుతున్న చప్పుడు. అప్పుడు తీసిన ఫొటోలే 1971 నవంబర్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. అడవిలో తిరిగే మంచు చిరుతని లోకం ఫొటోలో చూడటం అదే మొదలు అంటారు.

నేనది ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ చదివాను. చదివి, తర్వాత చిరుత ఎక్కడొస్తుందా అని గబగబా పేజీలు తిప్పాను. అడుగులొచ్చాయి, రాళ్ల మీద గీసిన గోళ్ల గుర్తులొచ్చాయి, పెంటికలు కూడా బోలెడొచ్చాయి. పెంటికల్ని విడదీసి ఏ జంతువు వెంట్రుకలున్నాయో చూసుకుంటూ ఉంటాడాయన. చిరుత మాత్రం మళ్లీ అంత దగ్గరగా రాదు. మిగతా పుస్తకమంతా మేకలే. మోసపోయానని నిజంగానే కోపం వచ్చింది.

మా నాన్న ఓ రోజు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏంట్రా ఇది, అన్నీ మేకలే ఉన్నాయి" అన్నాడు. హిమాలయాల్లో ఉంటాయట నాన్నా, ఒకాయన ఏళ్లతరబడి వాటి వెనకే తిరిగాడట అన్నాను. ఇంకాసేపు తిప్పి, "జీతం ఎవరిస్తారు?" అన్నాడు. మంచి ప్రశ్నే అది, నా దగ్గర జవాబు లేదు. ఆయన మాత్రం ఆ తర్వాత దాన్ని మేకల పుస్తకం అనే పిలిచాడు, మా ఇంట్లో దానికి అదే పేరు స్థిరపడిపోయింది.

అయినా వెనక్కిచ్చెయ్యలేదు. ఎందుకంటే 'బరల్' దగ్గర ఇరుక్కుపోయాను.

బరల్‌ని ఇంగ్లీషులో బ్లూ షీప్ అంటారు, నేపాలీలో నావుర్. నీలంగా ఏమీ ఉండదు, పలక మీద సుద్ద తుడిచాక మిగిలే బూడిద రంగు. దాన్ని తెలుగులో 'నీలి గొర్రె' అని రాసి చూసుకున్నాను, నవ్వొచ్చి కొట్టేశాను. గొడవేంటంటే, అసలది గొర్రో మేకో ఎవరికీ తేలలేదు. గడ్డం లేదు, మేకపోతు దగ్గర వచ్చే ఆ కంపు లేదు, కాబట్టి గొర్రె. కానీ తోక బల్లపరుపుగా ఉండి అడుగున బోడిగా ఉంటుంది, ముందుకాళ్ల మీద నల్ల చారలుంటాయి, కాబట్టి మేక. చచ్చినవాటి తోలూ కొమ్ములూ పెట్టుకుని మ్యూజియం వాళ్లు వందేళ్ల పైగా కొట్టుకున్న గొడవ ఇది. షాలర్ ఆలోచన చాలా తేలికైనది. దాన్ని బతికుండగా చూద్దాం, మగవి కొట్టుకునేటప్పుడు ఎలా కొట్టుకుంటాయో, ఆడదాని వెంట పడేటప్పుడు ఎలా పడతాయో చూస్తే, అది ఎవరి చుట్టమో అదే చెప్తుంది కదా అని.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు గోడ వంక చూస్తూ ఉండిపోవడం బాగా గుర్తు. ఎందుకంటే గొర్రె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. తెలుగువాడెవడికైనా తెలుసు. పొట్టేలు వెనక్కి తగ్గిందంటే ఢీకొట్టడానికే అని సామెతే ఉంది మనకి. తల వంచుకుని వెనక్కి వెనక్కి నడిచి, నాలుగు కాళ్ల మీదా పరిగెత్తుకొచ్చి, ఠాప్! మేకపోతు అలా కాదు. ఉన్నచోటే వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది, ఒక్క క్షణం మెడ పక్కకి తిప్పి గాల్లో ఆగుతుంది, ఆ బరువంతా తల మీద వేసుకుని కిందికి దిగుతుంది. చిన్నప్పట్నుంచీ రెండూ చూశాను, రెండూ వేరని ఎప్పుడూ అనుకోలేదు. మర్నాడు సాయంత్రం పనిగట్టుకుని వెళ్లి చూశాను కూడా. కనబడ్డ రెండు మేకపిల్లలు, ఇంకా కొమ్ములు సరిగ్గా రానివి, అచ్చం అలాగే లేచి నిలబడి మొట్టుకున్నాయి. మేకలు కాసే ముసలాయన నన్ను చూసి, "కొంటావా బాబూ?" అన్నాడు.

బరల్ మేకలాగే లేచి నిలబడి కొట్టుకుంటుంది.

అది చూడటానికే 1973 సెప్టెంబర్ చివర్లో పోఖరా నుంచి బయల్దేరి నేపాల్‌లోని డోల్పోకి నడిచి వెళ్లాడు షాలర్. పక్కన పీటర్ మాథిసన్ అనే రచయిత ఉన్నాడు. వానలు, ఆగిపోయిన కూలీలు, కొత్త కూలీల కోసం వెతుకులాట, కనుమల్లో నడుములోతు మంచు, వెలుతురుకి కళ్లు పోయినంత పనవడం... నెల పైనే పట్టింది షే అనే బౌద్ధమఠం చేరడానికి. ఈ నడక భాగంలో కూలీల మీద చిరాకు కాస్త ఎక్కువే చూపిస్తాడని నా అభిప్రాయం. మంచులో కాళ్లకి సరైన బూట్లు లేకుండా బరువులు మోసేది వాళ్లు, ఆలస్యమైపోతోందని గింజుకునేది ఈయన. చదివిన ప్రతిసారీ అక్కడ నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

కానీ షే చేరాక పుస్తకం మారిపోతుంది. అక్కడి లామా ఆ చుట్టుపక్కల వేట కూడదని చాలా ఏళ్ల నుంచీ కట్టడి చేసి ఉంచడంతో బరల్‌లకి మనిషంటే బెదురు లేదు. నవంబర్ నెలాఖరుకి వాటి ఎదకాలం మొదలవుతుంది, అది చూడాలనే ఆ చలిలో అంత దూరం పోయింది. పొద్దున్నే కొండెక్కి కూర్చుంటాడు, సాయంత్రం దాకా ఏది ఎవరి పక్కన నిలబడింది, ఏది ఎవర్ని చూసి తప్పుకుంది, ఏ రెండు లేచి కొట్టుకున్నాయి, అన్నీ రాసుకుంటూనే ఉంటాడు. వేళ్లు కొంకర్లు పోతున్నా రాస్తాడు. కథంటూ ఏమీ జరగదు. ఎందుకు అంత బాగుంటుందో నేనిప్పటికీ సరిగ్గా చెప్పలేను. చివరికి ఆయన తేల్చింది, బరల్ ప్రధానంగా మేకే, కాకపోతే కొన్ని గొర్రె లక్షణాలున్న మేక అని. మాథిసన్ తర్వాత ఇదే ప్రయాణం మీద 'ది స్నో లెపర్డ్' రాసి చాలా పేరు తెచ్చుకున్నాడు, ఆ మొత్తం ప్రయాణంలో ఆయనకి మంచు చిరుత కనబడలేదు. అందరూ చదివేది ఆ పుస్తకాన్నే. నన్నడిగితే నేను మేకల వైపు.

పుస్తకంలో నాకు ఇంకో తోడు ఉన్నాడు. నాకంటే ముందు చదివినాయన. అడుగుల్లో ఎత్తు ఎక్కడ కనబడినా పక్కన మార్జిన్‌లో గట్టి పెన్సిల్‌తో సన్నగా, మీటర్లలోకి లెక్కకట్టి రాసేవాడు. 12,000 అంటే 3,658. 14,000 అంటే 4,267. క్యాలిక్యులేటర్‌తో చేశాడేమో అనుకున్నాను గానీ కాదు, ఒకచోట పేజీ అడుగున గుణకారం మొత్తం ఉంది, చెరిపేసినా అచ్చు మిగిలిపోయింది. 15,000 అడుగుల దగ్గర మాత్రం 4,572 రాయాల్సింది 4,752 అని రాశాడు. అంకెలు తారుమారయ్యాయి. అది కనిపెట్టిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. దిద్దుదామని పెన్సిల్ తీసి మళ్లీ ఎందుకో ఊరుకున్నాను. ఇంకే వ్యాఖ్యా లేదు, గీతలు లేవు, 'భేష్' లాంటివి లేవు. మేకల గురించి గానీ చిరుత గురించి గానీ ఒక్క ముక్క రాయలేదు. ఆ మనిషికి కావలసింది ఎత్తులే.

నేనైతే డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. స్పర్, స్క్రీ, క్రాగ్, మొరేన్. మనకి కొండ ఉంది, గుట్ట ఉంది, తిప్ప ఉంది, కోన ఉంది, బోడి కొండ ఉంది. కానీ కాలు పెడితే వాలు మొత్తం గలగలా జారిపోయే రాళ్లకుప్పకి, హిమనదం తోసుకొచ్చి వదిలేసి పోయిన గులకదిబ్బకి నా దగ్గర మాటల్లేవు. ఒక పేజీ అనువాదం చేద్దామని కూర్చుని, రెండు సాయంత్రాలు తిప్పలు పడి, మూడో పేరాలో వదిలేశాను. గడ్డం రాబందు అని ఒక పక్షి వస్తుంది, ఎముకని ఎత్తుకుపోయి పైనుంచి బండల మీద జారవిడిచి, పగిలాక వచ్చి తింటుంది. ఆ ఒక్క వాక్యం మాత్రం తెలుగులో బాగానే వచ్చిందని నాకు నమ్మకం. ఆ నోట్‌బుక్ ఇప్పుడు లేదు.

మార్ఖోర్‌ల గురించి చెప్పకుండా ఎలా. మరమేకులాగా మెలి తిరిగిన కొమ్ములున్న పెద్ద అడవి మేక అది. చిత్రాల్ గోల్‌లో, ఒకప్పుడు అక్కడి రాజుల వేటస్థలం, అవి ఆకుల కోసం ఓక్ చెట్లు ఎక్కుతాయి. కింద లోయ, పైన కొమ్మ మీద గిట్టలతో నిలబడ్డ మేకపోతు! నేను నమ్మలేదు. ఈ మధ్య వీడియోలు చూశాను, నిజమే.

పుస్తకం పేరుకి అర్థం ఆయనే చెప్తాడు. ఆఖరి మంచు చిరుతా ఆఖరి మార్ఖోరూ పోయిన రోజున ఈ పర్వతాలు మౌనంగా మిగిలిన రాళ్లే అవుతాయని. పోయిన ప్రతి లోయలో తుపాకులు, నరికేసిన చెట్లు, పెంపుడు మందలు గుండు కొట్టేసిన వాలులు చూసి రాసిన మాట అది. దిగులు పుస్తకం నిండా ఉంటుంది, ఒక్కోచోట మరీ ఎక్కువ. పంతొమ్మిదేళ్ల వయసులో చదివి, నేను ఉద్యోగం తెచ్చుకుని అక్కడికి వెళ్లేలోపు ఇవన్నీ అయిపోతాయేమో అని నిజంగా టెన్షన్ పడ్డాను. నా ఉద్యోగం సంగతే ఇంకా తేలలేదు, మార్ఖోర్‌ల మీద బెంగ!

అయిపోలేదు. షాలరే వెంటపడి అడగ్గా పాకిస్తాన్-చైనా సరిహద్దులో ఖుంజెరాబ్‌ని 1975లో నేషనల్ పార్క్ చేశారు. షే ఉన్న ప్రాంతం 1984లో షే ఫోక్‌సుండో నేషనల్ పార్క్‌లోకి వచ్చింది. మార్ఖోర్‌ని 2015లో అంతరించిపోతున్న జంతువుల జాబితాలో ఒక మెట్టు కాదు, రెండు మెట్లు దించారు, అంటే మంచి వైపుకి. మన దేశంలో మంచు చిరుతల్ని మొదటిసారి పద్ధతిగా లెక్కపెట్టి 2024 జనవరిలో చెప్పిన సంఖ్య 718, అందులో 477 ఒక్క లడఖ్‌లోనే. ఆ వార్త ఫోన్లో చూసినప్పుడు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పక్కనతను ఏంటని అడిగితే ఏం చెప్పాలో తెలీక, మావాళ్లు బాగానే ఉన్నారట అన్నాను.

డిగ్రీ అయ్యాక కొన్నేళ్లకి పనిమీద ఆ కాలేజీకి వెళ్లి లైబ్రరీలో వెతికితే పుస్తకం లేదు. జియాలజీ బీరువాలో చూశాను, జువాలజీలో చూశాను. లైబ్రేరియన్ గారు కొత్తాయన, రిజిస్టర్ తీసి చూసి, "చదివేవాళ్లు లేని పాతవన్నీ తీసేశామండీ, తూకానికి వెళ్లిపోయాయి" అన్నారు. పాపం ఆయన తప్పేం లేదు, మూడో తేదీ ముద్ర నాది, నాలుగోది లేదు. తీసుకున్నవాణ్ని తిరిగి ఇవ్వకుండా ఉంచేసుకుంటే పోయేది కదా అని ఆ రోజు బస్సులో మొదటిసారి దొంగబుద్ధి పుట్టింది. రెండుసార్లు ఫైన్ కట్టి మరీ తిరిగిచ్చిన వెర్రివాణ్ని.

తర్వాత దొరకడం గగనమైపోయింది. కొత్త ముద్రణ నా కంట పడలేదు, పాత పుస్తకాల వాళ్లు పేరు వినగానే రాళ్ల గురించా సార్ అనేవారు. చివరికి మొన్నామధ్య ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాను, ఎక్కడో విదేశీ లైబ్రరీ వాళ్లు తీసేసిందే, లోపల ఆ ముద్ర కూడా ఉంది. పార్సిల్ విప్పగానే మొదట చూసింది చిరుతని కాదు, బరల్‌ని కూడా కాదు, మార్జిన్‌లు. తెల్లగా ఉన్నాయి. చదువుతుంటే ఎత్తు వచ్చిన ప్రతిచోటా కన్ను పక్కకి పోతుంది, అక్కడేమీ ఉండదు.

హిమాచల్‌లో స్పితి లోయలోని కిబ్బర్‌కి ఒక ఫిబ్రవరిలో వెళ్లొచ్చాను. నాలుగు వేల మీటర్ల పైన ఊరు, తలనొప్పి, మూడు జతల సాక్సులు. మంచు చిరుతని చూపిస్తామన్నారు. మూడో రోజు దూరంగా స్కోపులోంచి ఒక రాయి చూపించి అదే అన్నారు, నేనూ అదే అన్నాను, ఇప్పటికీ అది రాయేనని నా అనుమానం. మిగతావాళ్లంతా ఆ స్కోపు చుట్టూ మూగి ఉండగా ఎడంపక్క వాలు మీద బరల్ మంద ఒకటి మేస్తోంది. ఎదకాలం దాటిపోయింది, పెద్ద మగవి నింపాదిగా ఉన్నాయి. రెండు కుర్రవి మాత్రం ఊరికే ఉండలేక ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి వెనక కాళ్ల మీద లేచింది. మెడ పక్కకి తిప్పి, ఆ ఒక్క క్షణం గాల్లో ఆగి, దిగింది. చప్పుడు నా దగ్గరికి కాస్త ఆలస్యంగా వచ్చింది. "మేకే" అన్నాను పైకే. గైడ్ కుర్రాడు నవ్వి, సార్‌కి ఊపిరాడటం లేదేమో అన్నట్టు వేడినీళ్ల ఫ్లాస్కు ఇచ్చాడు.

తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు కూడా బరల్ మేకల వైపే అని తేల్చాయి. తమాషా ఏంటంటే మన దక్షిణాది కొండల్లో ఉండే నీలగిరి తార్, షాలర్ 1969లో వచ్చి దాన్నీ చూసి వెళ్లాడు, తమిళంలో దాని పేరు వరైయాడు, అంటే కొండచరియ మేక. అది డీఎన్‌ఏ ప్రకారం గొర్రెలకి దగ్గరట, 2005లో బయటపడింది. గొర్రె అనుకున్నది మేక, మేక అనుకున్నది గొర్రె. మా నాన్నకి చెప్తే, "మరి ఇన్నాళ్లూ జీతం ఎందుకిచ్చినట్టు?" అన్నాడు.

తూకానికి వెళ్లినవన్నీ ముక్కలైపోవు, కొన్ని ఎవరో ఒకరు పక్కకి తీసుకుంటారు. ముదురాకుపచ్చ కాలికో బైండు, చీటీ మీద మూడు తేదీలు, మార్జిన్‌లో సన్నటి పెన్సిల్ అంకెలు. అలాంటిది మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్ల దగ్గరగానీ కనబడితే చెప్పండి, నా దగ్గరున్న మంచి కాపీ ఇచ్చేసి అది తీసుకుంటాను. 15,000 అడుగుల పక్కన 4,752 అని ఉంటుంది. తప్పు కదా అని దయచేసి దిద్దకండి.